ఖాలా చెప్పిన సబక్

ఖాలా మనవరాలికి ఎయిర్ ఇండియాలో ఎయిర్‌హోస్టెస్ ఇంటర్వ్యూ. "మామూ, మంచి సర్వీస్ అంటే ఏంటని అడిగితే ఏం చెప్పను?" అని రాజోలు నుంచి ఫోన్ చేసింది.

నాకు తెలిసింది చెప్పాను. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో తానే విమానం నడిపి మొదలెట్టిన కంపెనీ అది. 1953లో సర్కారు పరమైనా 1978 దాకా ఆయనే ఛైర్మన్. విమానమెక్కితే టీ రంగుతో సహా ప్రతీదీ గమనించి, లోపాలు అధికారులకు రాసి పంపేవాడు. తర్వాతి జమానాలో అప్పులు పెరిగాయి, పేరు తగ్గింది. 2022 జనవరి 27న మళ్లీ టాటాల చేతికొచ్చింది. ఇప్పుడు కొత్త రంగులు, కొత్త యూనిఫారాలు.

పక్కనే వింటున్న ఖాలా ఫోన్ అందుకుంది. 1990లో సద్దాం ఫౌజులు కువైట్‌లో దిగినప్పుడు ఆమె అక్కడో ఇంట్లో పనిమనిషి. అమ్మాన్ నుంచి మన విమానాలు ఆ ఏడాది 1,70,000 మందికి పైగా తెచ్చాయి. వాళ్లలో ఆమె ఒకతె.

"బెల్టు పెట్టుకోవడం కూడా రాదు నాకు. మాసిన బట్టలు. ఆ పిల్ల మొహం చిట్లించకుండా తనే పెట్టి, 'ఇంటికెళ్తున్నాం అమ్మా' అంది. ఇప్పటికీ నమాజు తర్వాత ఆ పిల్లకి దువా చేస్తా. మన కోనసీమ ఆడాళ్లు వెనక సీట్లో ఏడుస్తూ వెళ్తుంటారు బేటీ. వాళ్లని ఇజ్జత్‌గా చూడు. అదే ఖిద్మత్."

కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"నానీ చెప్పిందే చెబుతా మామూ. ఇజ్జత్‌ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"రెస్పెక్ట్" అన్నాను. ఎందుకో అది సరిపోలేదనిపించింది.