గృహస్థులైన పునీతులు

పునీతుల చరిత్రములను చెప్పునపుడు పిల్లలు మిక్కిలి శ్రద్ధతో విందురు. కాని "నీవును అట్లు కాగోరుదువా?" యని యడిగిన తోడనే నవ్వి తల వంచుకొందురు. పునీతత్వము గురువులకును, మఠములలోని కన్యస్త్రీలకును చెల్లునది గాని, బియ్యము, పాలు, బడి రుసుముల లెక్కలలో మునిగిన మనబోంట్లకు గాదని పెద్దలును తలంచుచున్నారు. నేను ఒప్పుకొనను. 1622వ సంవత్సరము మార్చి 12వ తేదీన రోము నగరమున లొయోలా ఇగ్నేషియసు, ఫ్రాన్సిసు శౌరి, అవిలా తెరేసా, ఫిలిప్పు నేరి అను మహనీయులతోపాటు పునీతపట్టము నొందిన యైదవవాడు మాడ్రిడు నగరమునకు జెందిన ఇసిదోరు. ఆయన పరుల భూమిని దున్నిన పాలేరు. మన దేశమున 2022 మే 15న పునీతుడుగా ప్రకటింపబడిన దేవసహాయముగారు తిరువాన్కూరు రాజోద్యోగి, గృహస్థుడు.

అయినను నా మనస్సున కెక్కువగా హత్తుకొన్నవారు ఫ్రాన్సు దేశమున అలాన్సోను పట్టణవాసులగు లూయీ మార్టిను, జేలీ దంపతులు. చిన్న తెరేజమ్మ తలిదండ్రులు వీరే. ఇరువురును యౌవనమున మఠమున జేరగోరి, చేరలేకపోయి, 1858లో వివాహమాడిరి. ఆయనది గడియారముల అంగడి. ఆమెది లేసు వ్యాపారము.

నరసాపురపు లేసు నెరిగిన మనవారికి ఆమె పని సులభముగ బోధపడును. అయితే అలాన్సోను లేసు కొక్కెపు సూదితో అల్లునది గాదు. కుట్టు సూదితో, చిన్న చిన్న ముక్కలుగ, ఒక్కొక్క దశను ఒక్కొక్క స్త్రీ కుట్టగా, తుదకు ఆ ముక్కలను అతుకు కనబడకుండ చేర్చవలెను. ఆ చేర్పుపని జేలీ తానే చేసెడిది. ప్రతి గురువారము పనివారు తమ యిండ్లలో కుట్టిన ముక్కలను తెచ్చి యిచ్చి, క్రొత్త పని తీసికొని పోవుచుండిరి. తొమ్మండుగురు బిడ్డలను కని, నలుగురిని పసితనముననే పోగొట్టుకొని, ఆమె యీ వ్యాపారమును నడిపెను. ఆమె లేఖలు రెండు వందలకు పైగా మిగిలియున్నవి. వానిలో బిడ్డల జ్వరములు, లేసు పని తొందర, అలసట కనబడును. అందువలననే అవి నాకు ప్రియములు. (ఆకలియు నిద్రయు నెరుగనివారినిగ పునీతులను వర్ణించు పుస్తకములను పిల్లల చేతికిచ్చుట నాకిష్టము లేదు.)

లూయీ ఆదివారమున అంగడి తెరువడు. బేరము పోవునని మిత్రులు చెప్పినను వినలేదు. ఈ సంగతి మా యింట చదివి విడిచినది కాదు. నా భార్య యింట కుట్టుపని చేయును. గత మాఘమాసమున పెండ్లివారు పండ్రెండు రవికెల గుడ్డలు తెచ్చి, సోమవారము ఉదయమునకు కావలెననియు, ఆదివారము గూడ కూర్చుండినచో రెట్టింపు కూలి యిత్తుమనియు చెప్పిరి. "శనివారము రాత్రి యెంతసేపైనను కూర్చుందునండి, ఆదివారము మిషను ముట్టను," అని ఆమె యనెను. వారు గుడ్డల మూట తీసికొని పోయిరి. మా పెద్దమ్మాయి కళాశాల రుసుము చెల్లింపవలసిన నెల యది. గొలుసు కుదువబెట్టితిమి, ఇంకను విడిపింపలేదు. మెడనుండి తీసి నాకిచ్చుటకు ముందు ఆమె దానిని కొంతసేపు చేత బట్టుకొని యుండెను. లూయీ యింట ఆ నష్టమును గూర్చి యే మాటలు నడచెనో యని నాకప్పుడు తోచెను.

ఉపాధ్యాయుడ నగుటచే వారి మూడవ కుమార్తె లెయోనీ కథ నాకు మరింత ముఖ్యము. ఆమె మొండిపిల్ల, చదువు నెమ్మది. సొంత పినతల్లియో పెత్తల్లియో కన్యస్త్రీగ నున్న బడిలో పిల్లకు ఓర్పు దొరకునని మన మనుకొందుము. లెయోనీ పెత్తల్లి యున్న బడినుండియే ఇంటికి పంపబడెను. తల్లి దిగులుపడెను గాని ఆశ విడువలేదు. 1877లో రొమ్ము క్యాన్సరుతో జేలీ మరణించునప్పటికి ఆ పిల్లకు 14 ఏండ్లు. తరువాత లెయోనీ మూడు మారులు మఠమున జేరి మూడు మారులును తిరిగివచ్చెను. 1899లో నాలుగవసారి కాను పట్టణపు మఠమున జేరి, 1941లో మరణించువరకు అందే నిలిచెను. తలిదండ్రులకు 2015 అక్టోబరు 18న పునీతపట్టము గలిగెను. దంపతులను జంటగా పునీతులనుగ ఒకేసారి ప్రకటించుట అదియే ప్రథమము.

తల్లి గతించిన 22 ఏండ్లకు గాని లెయోనీకి నిలకడ చిక్కలేదు. చివరి బల్లపై కూర్చుండు పిల్లల ప్రగతిపత్రములలో అభిప్రాయము వ్రాయునపుడు ఈ లెక్క నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. ఈ యేడు అట్టి పత్రములు ఆరు నా బల్లపై నున్నవి. ఆ పిల్లల తలిదండ్రులు సంతకము చేసి వెంటనే మరలిపోక, నాతో కొంతసేపు కూర్చుండవలెనని కోరుచున్నాను.