తూకం చేప, వాగు చేప

పోయిన సంవత్సరం సంక్రాంతి అయిన వారానికి ఊర్నుంచి అన్న ఫోన్ చేసి ఒక పని ఒప్పజెప్పినాడు. మా పల్లం చేను, అంటే ముళబాగిలు రోడ్డు వైపు ఉన్న ఎకరా ముప్పావు, అందులో ఇప్పుడు మల్బరీ ఉంది కదా, అది తీసేసి గుంట తవ్వి చేపలు వదలాలని అన్న ఆలోచన. అమ్మడానికి కాదు. బెంగళూరు వాళ్లు శనాదివారాలు కార్లలో వచ్చి, గాలం వేసి, పట్టినంత తూకం వేయించుకుని దుడ్లు ఇచ్చి పోవాలి. "మీ అమెరికాలో ఇట్లాంటివి ఉన్నాయంట, చూసి చెప్పండి, నాయన్ని కూడా తీస్కపోయి చూపించండి" అన్నాడు. నాయన ఫిబ్రవరిలో మా దగ్గరికి వస్తున్నాడు. చేను నాయన పేరు మీద ఉంది. నాయన ఒప్పుకోకుంటే గుంట లేదు. విషయం అది.

మేము ఉండేది షార్లెట్, నార్త్ కరోలినా. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, బ్యాంకు ప్రాజెక్టు మీద వచ్చి మూడేళ్లు. బళ్లో మీను, ఇంట్లో చాప, ఆఫీసులో ఫిష్ అని మూడు పేర్లతో పెరిగిన వాళ్లమే గానీ, ట్రౌట్ అనే చేప ముఖం ఇక్కడికి వచ్చేదాకా చూడలేదు. నిజానికి అది మన పక్కనే ఉందంట. ఇంగ్లీషు వాళ్లు నీలగిరి వాగుల్లో వదిలి, 1907లో అవలాంచిలో పిల్లలు పొదిగించే కేంద్రం కూడా పెట్టినారు. ఊటీకి ఎన్నిసార్లు పోయినా మేము చాక్లెట్టు కొనుక్కుని వచ్చినామే గానీ దాని జోలికి పోలేదు.

ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది, ఇరవై అయిదు దగ్గరికి వస్తే ప్రాణం పోతుంది. అందుకే ఇక్కడ పడమటి కొండల వైపే దొరుకుతుంది. షార్లెట్ నుంచి రెండు గంటల పైన కారు నడపాలి.

మొదట పోయింది పౌండు లెక్కన అమ్మే గుంటకి. మార్చి నెల. ఎందుకు మార్చి అంటే, వాగుల్లో సర్కారు చేపలు వదిలే చోట్లలో చాలావాటిల్లో మార్చి అంతా పట్టకూడదు, అందుకే గుంట. గుంటకి లైసెన్సు అక్కర్లేదు, ఎందుకంటే చేప వాళ్లది. పైన ఊట నీళ్లు సిమెంటు కాలవల్లో పారుతా, ఒక్కో కాలవలో ఒక్కో వయసు చేపలు, అన్నిటికీ కింద పట్టుకునే గుంట. గాలం కర్ర, బకెట్టు, చిన్న డబ్బాలో ఎర వాళ్లే ఇచ్చినారు. ఒక బోర్డు ఉంది, అందులో ముఖ్యమైన మాట ఒకటే: పట్టినది మళ్లీ నీళ్లలో వేయకూడదు, పట్టిన ప్రతిదీ కొనాల్సిందే.

ఆ మాట అర్థం మాకు పావుగంటలో తెలిసింది. మా వాడికి ఎనిమిదేళ్లు. గాలం వేసిన నిమిషానికి ఒకటి. తీసి మళ్లీ వేస్తే ఇంకోటి. చేపలకి ఆకలి, వాటికి మనిషి నీడ పడితే తిండి వస్తుందని అలవాటు. ఆరో చేప బకెట్లో పడేసరికి నాయన వాడి చెయ్యి పట్టుకున్నాడు. "చాలు రా. ఈడ చాప పట్టేది పని కాదు, నిలిపేది పని." ఆరు చేపలు అయిదు పౌండ్ల చిల్లర. పౌండు ఆరున్నర డాలర్లు, మొత్తం ముప్పై మూడు. కోసి కడిగి ఇచ్చినందుకు ఇంకొంచెం. నాయన కారులో కూచుని కిలోకి మార్చి, దాన్ని రూపాయలకి మార్చి, "కిలో పన్నెండు నూర్లా!" అని కొండలు దిగేదాకా అంటానే ఉన్నాడు.

అయితే ఆయన చూసింది ధర ఒక్కటే కాదు. ఆ రోజు మేము వాడి ఫోటోలు తీస్తా ఉంటే నాయన పోయి నీళ్లు వచ్చే గొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు. పారే నీళ్లు ఆగకుండా వస్తా ఉన్నాయి, అడుగున కలుషితం పోతా ఉంది. మన దగ్గర బోరు వెయ్యి అడుగులు దాటినాక ఎన్నోచోట్ల దుమ్మే వస్తుంది. ఆగని నీళ్లు ఎక్కడివి? నాయన అడగలేదు, మాకే ఆ ప్రశ్న తగిలింది.

ఆ వారం ఇంట్లో పులుసు పెట్టినాము. చింతపండు, ధనియాలు, మెంతులు, అన్నీ అమ్మ లెక్కే. ట్రౌట్‌కి పొలుసు చాలా సన్నం, గీకే పనే లేదు. కానీ కట్లా మాదిరి పులుసులో కుతకుత ఉడికిస్తే పోగులు పోగులుగా విడిపోతుంది. రెండోసారి పులుసు బాగా మరిగినాక చివర్లో వేసి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పి దించినాము, అప్పుడు నిలిచింది. నాయనకి అదీ సరిపోలేదు. ముండ్లు తక్కువంట. ముండ్లు ఏరుకుంటా తింటేనే చేప తిన్నట్టు.

ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున ఏడు గంటలకి వాగులు తెరుస్తారు. నాయనకి పది రోజుల లైసెన్సు తీసినాము, మాకు ఏడాదిది. పదహారేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు కాబట్టి వాడికి లేదు. టెస్టింగ్ చేసేవాళ్లకి సరిహద్దు విలువలు చూడటం అలవాటు కదా: పది రోజులు శనివారం నుంచి మొదలుపెడితే రెండు వారాంతాలు దొరుకుతాయి, అంటే నాలుగు రోజులు. నాలుగూ పోయినాము.

ఇక్కడి సర్కారు ఏడాదికి లక్షల కొద్దీ ట్రౌట్‌లని వాగుల్లో, చెరువుల్లో వదులుతుంది. ఎక్కువ భాగం పది అంగుళాల సైజువి, కొన్ని పద్నాలుగు దాటినవి. రెయిన్‌బో, బ్రౌన్, బ్రూక్ అని మూడు రకాలు. మూడింట్లో బ్రూక్ ఒక్కటే ఈ కొండల్లో పుట్టి పెరిగిన జాతి. రెయిన్‌బోని పసిఫిక్ ఒడ్డు నదుల నుంచి, బ్రౌన్‌ని ఐరోపా నుంచి తెచ్చినారు. వందేళ్లు దాటింది వచ్చి, ఇప్పుడు ఊరివాళ్లే అనుకుంటారు. ఇది చదివే మన చుట్టాలకి దీని మీద వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

చేపలు వదిలే చోట చెట్టుకి ఆకుపచ్చ తెలుపు గుర్తు కొట్టి ఉంటుంది. అక్కడ ఏ ఎరైనా వేయొచ్చు, రోజుకి మనిషికి ఏడు తీసుకోవచ్చు. నలుపు తెలుపు గుర్తు ఉన్న చోట అక్టోబరు నుంచి జూన్ దాకా పట్టినా వదిలేయాలి, నిజం ఎర కూడా పనికిరాదు, ఒంటి కొక్కెం ఉన్న ఉత్తుత్తి ఎరే వాడాలి. ఇది వివరించి చెప్తే నాయన చాలాసేపు మా ముఖం చూసినాడు. "పట్టి వదిలేదానికి దుడ్లు ఇచ్చి చీటీ తీసుకునేదా?"

మొదటి రోజు మూడు గంటలు నిలబడినాము, ఒక్కటి రాలేదు. చలి. వాగు పక్కన మనుషులు బారు కట్టి ఉన్నారు, కొందరు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. నాయన ఇంట్లోనే ఎర తయారు చేసుకుని వచ్చినాడు, రాగి ముద్ద. మన కెరలో జిలేబి చేపలకి అదే కదా వాడేది. పారే నీళ్లలో అది అర నిమిషం కూడా నిలవలేదు, కరిగి పోయింది. కిందుగా నిలబడిన ఒక పెద్దాయన, డెబ్బై అయిదు ఉండొచ్చు, ఇది రెండు మూడుసార్లు చూసి, దగ్గరికి వచ్చి తన డబ్బాలోంచి నాలుగు మొక్కజొన్న గింజలు తీసి నాయన అరచేతిలో పెట్టినాడు. మాట లేదు. నాయనకి ఇంగ్లీషు రాదు, ఆయనకి కోలారు తెలుగు రాదు. నీళ్లలో రాయి వెనక మడుగుని వేలు పెట్టి చూపించినాడు, అక్కడ వెయ్యమని. పదకొండు గంటలకి నాయన మొదటి చేప పట్టినాడు.

పట్టి, చేతిలో తిప్పి చూసి, రెక్కలు చూడమన్నాడు. వీపు మీద రెక్క అంచు అరిగి మొద్దుగా ఉంది. "ఇదీ తొట్టి చాపే." నిజమే. సిమెంటు కాలవల్లో ఇరుకుగా పెరిగితే రెక్కలు అట్లే అరుగుతాయి. గుంటలో పట్టినదీ, వాగులో పట్టినదీ ఒకే రకం బడిలో చదువుకున్నవి. మా భాషలో చెప్పాలంటే రెండు చోట్లా ఉన్నది మనం ఎక్కించిన టెస్ట్ డేటానే, ఎన్విరాన్‌మెంట్ మాత్రం వేరు.

నాలుగు రోజులకి మొత్తం తొమ్మిది చేపలు. లైసెన్సులు, పెట్రోలు, దారిలో కాఫీలు లెక్కేస్తే గుంట చేప కంటే ఎన్నో రెట్లు ఖరీదు. మేము స్ప్రెడ్‌షీట్ వేసి అన్నకి పంపినాము. అన్న బదులు: "అయితే గుంటే లాభం కదా." లాభం ఎవరికి అనేది అన్న అడగలేదు, ఆయన అమ్మేవాడు కాబట్టి అడగాల్సిన పని లేదు.

నాయనకి మాత్రం ఆ స్ప్రెడ్‌షీట్ అక్కర్లేదు. ఆయనకి పట్టుకున్నది వేరే విషయం. రెండో వారం కారులో అడిగినాడు: "ఈ వాగుకి గుత్తదారుడు ఎవరు?" ఎవరూ లేరు నాయనా, సర్కారు వదులుతుంది, చీటీ ఉన్నోళ్లు పట్టుకుంటారు. చీటీల దుడ్లు, కర్రలు గాలాలు అమ్మేటప్పుడు వేసే పన్నులో వాటా, వాటితోనే ఇదంతా నడుస్తుంది, 1950 నుంచి ఆ పన్ను చట్టం ఉంది అని చెప్పినాము. "ఒకరికే రాసి ఇయ్యలేదా?" ఇవ్వలేదు. నాయన కిటికీలోంచి బయటికి చూస్తా కూచున్నాడు.

ఎందుకు అడిగినాడో మాకు తెలుసు. మన కెర అయిదేండ్లకి ఒకసారి వేలం. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకి చేపల హక్కు. గుత్త తీసుకున్నవాడు పిల్లలు వదులుతాడు, కావలి పెడతాడు, వల లాగి అమ్ముకుంటాడు. అందులో అన్యాయం ఏమీ లేదు, దుడ్లు పెట్టినాడు కదా. కానీ గాలం కర్రతో గట్టు మీద కూచున్న పిల్లోణ్ణి కావలివాడు తరిమేది కూడా అందులోదే. నాయన చిన్నప్పుడు ఆ పిల్లోడు. మేము చిన్నప్పుడు కెర ఎండిపోయి ఉండె, తరమడానికి ఎవరూ లేకపోయిరి.

ఇప్పుడు కెర నిండింది. 2018 నుంచి బెంగళూరు మురికినీళ్లు రెండు దశల్లో శుద్ధి చేసి కోరమంగల చల్లఘట్ట లోయ నుంచి కోలారు కెరలకి తోలుతున్నారు కదా, నూట ఇరవై ఆరు కెరలు లెక్క పెట్టుకున్న పథకం. అది భూమిలోకి ఇంకి బోర్లు నిండడానికి, తాగడానికి కాదు. బోర్లలో నీళ్లు పైకొచ్చినాయి, చేపలు పెరిగినాయి. మన ఇంట్లో మాత్రం రెండు పార్టీలు. అన్న వాళ్లు ఆ కెర చేప తింటారు. నాయన ఒక్క ముక్క ముట్టడు. ఎందుకు అంటే చెప్పడు, కంచం జరుపుతాడు. అన్న గుంటకి వచ్చేదీ ఆ కెర వల్ల పైకొచ్చిన బోరు నీళ్లే. వినియోగదారులు బెంగళూరు వాళ్లు. వాళ్ల నీళ్లు వాళ్లకే చేపలుగా తూకం వేసి అమ్మడం అన్నమాట, మేము ఇది అంటే అన్నకి కోపం వచ్చింది, వదినకి నవ్వు వచ్చింది.

జూన్ మొదటి శనివారం నలుపు తెలుపు గుర్తు వాగులు కూడా తెరుస్తారు. ఆ రోజు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు మాత్రమే పట్టాలి, పెద్దవాళ్లు గట్టు మీద ఉండాలి. స్టోన్ మౌంటెన్ పార్కు దగ్గర వాగుకి పోయినాము. ఎనిమిది నెలలు ఎవరూ ఇంటికి తీసుకుపోని చేపలు, నీళ్లలో కళ్లకి కనిపిస్తా ఉన్నాయి. పెద్దవాళ్లందరూ చేతులు కట్టుకుని వెనక. మా వాడు రెండు పట్టినాడు, ఒకటి జారిపోయింది. నాయన రెండు చేతులు వీపు వెనక పెట్టుకుని, నోటితో మాత్రం "రాయి ఎనక వెయ్యి, రాయి ఎనక" అంటానే ఉన్నాడు. ఆ పెద్దాయన చూపించిన మడుగు పాఠమే.

ఆగస్టులో నాయన ఊరికి పోయినాడు. పోయేముందు అన్నతో ఫోన్లో మాట్లాడింది మేము పక్కనే ఉండి విన్నాము. "తవ్వుకో. మల్బరీ చివరి కోత అయినాక తవ్వుకో. పట్టింది అంతా కొనాలనే బోర్డు మాత్రం పెట్టొద్దు, చిన్న పిల్లలున్న వాళ్లకి శానా తగులుతుంది. మూడు దాటినాక వదిలేస్తామంటే వదలనీ." అన్న దానికి వాదించినాడు, మన ఎండకి గాలం తగిలి వదిలిన చేప నీళ్లలో తేలిపోతుంది, అప్పుడు నష్టం మనకే అన్నాడు. అది నిజమే, కట్లా రోహులు నడి ఎండలో ఒకసారి గట్టుకి వస్తే మళ్లీ కోలుకోవడం కష్టం. నాయన కొంచెం ఆలోచించి, అయితే పొద్దున పది లోపే పట్టనీ అన్నాడు. తర్వాత ఇంకో మాట: "వారంలో ఒక పూట మన ఊరి పిల్లకాయలకి. దుడ్లు లేకుండా. పెద్దోళ్లు గట్టు మీద." అన్న అరగంట బేరం చేసి శనాదివారాలు కుదరవు, సోమవారం అన్నాడు. సోమవారం బడి ఉంటుంది కదా అని వదిన వెనకనుంచి అరిచింది. బడికి ముందు, ఆరు నుంచి ఎనిమిది, అని తేలింది.

గుంట తవ్వకం అయింది. వానలు పడినాక పిల్లలు వదులుతారు. నాయన అందులో చేప తింటాడా లేదా అనేది ఇంకా ఎవరూ అడగలేదు. నిన్న అన్న ఫోన్ చేసి, అక్కడ తూకం వేసే త్రాసు ఎట్లాంటిది, కొక్కేనికి తగిలించేదా, పళ్లెం ఉండేదా, ఫోటో పంపమన్నాడు. వచ్చే వారం పోయి తీసి పంపాలి.