ఒకసారి చదివి చూసుకుని ఉంటే

ఒకప్పుడు ఢిల్లీ నుంచి వచ్చిన ఆకాశవాణి తెలుగు వార్తలు విన్న తరానికి ఏడిద గోపాలరావుగారిని పరిచయం చెయ్యక్కర్లేదు. దాదాపు మూడు దశాబ్దాలు ఆ వార్తలు చదివారు. కొన్నాళ్లు రేడియో మాస్కోలోనూ పనిచేశారు. 2020 నవంబరులో, నేనుండే బెంగళూరులోనే కన్నుమూశారు. ఆ కబురును మడివాళలోని మావాళ్లందరికీ తప్పుగా చేరవేసిన ఘనత నాది.

దీపావళి ముందు రోజులు. రాత్రి ట్రావెల్స్ బస్సుల కోసం జనం మాస్కులు పెట్టుకుని, బ్యాగులతో మడివాళ రోడ్డు పక్కన నిలబడ్డారు. అందులో నేనూ ఒకణ్ని. ఫోన్లో కబురు చూడగానే అందరికంటే ముందు నేనే చెప్పాలన్న ఆత్రం పట్టుకుంది. ‘శంకరాభరణం నిర్మాత, రేడియో వార్తల ఏడిద ఇక లేరు’ అని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేశాను. నెట్‌లో దొరికిన ఫొటో ఒకటి తగిలించి, బస్సెక్కి పడుకున్నాను.

తెల్లారేసరికి, మెస్సులో రోజూ కనిపించే పెద్దాయన మెసేజ్ ఉంది: ‘బాబూ, శంకరాభరణం తీసింది వాళ్ల అన్నగారు నాగేశ్వరరావుగారు. ఆయన 2015లోనే పోయారు. నువ్వు పెట్టిన ఫొటో కూడా ఆయనదే.’

వెంటనే తీసేద్దామనుకున్నాను, కుదరలేదు. కుదిరినా ఏం లాభం? అప్పటికే అది ఏయే గ్రూపులు తిరిగిందో, మధ్యాహ్నానికి మళ్లీ నాకే వచ్చింది. సవరణ పెట్టాను. దాన్ని మాత్రం ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

గోపాలరావుగారు చేసిన పని ఎలాంటిదో ఆ తర్వాతే తెలుసుకున్నాను. ఆ ఉద్యోగం పేరు న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. ఇంగ్లీషులో వచ్చిన వార్తల్ని, టైము తరుముతుంటే తెలుగు చేసుకోవాలి. పేర్లు, అంకెలు సరిచూసుకోవాలి. చివరి నిమిషంలో చేతికొచ్చిన కాగితాన్నీ తొణక్కుండా చదవాలి. నోరు జారితే విజయవాడ, హైదరాబాద్, విశాఖ, కడప కేంద్రాల రిలేలో ఊరూరా వినిపించేది. డిలీట్ కొట్టే వీలు ఉండేది కాదు.

పైగా ముందు తన పేరు చెప్పి, ఆ తర్వాతే వార్త చదవాలి. అంటే, తప్పొస్తే ఎవర్ని అడగాలో వినేవాడికి ముందే తెలుసు. నా మెసేజ్ ఊరంతా తిరిగినా దాని మీద నా పేరు లేదు. ఆ పెద్దాయన తప్ప నన్ను అడిగినవాడూ లేడు.

ఇప్పుడు ఎవరైనా పోయారని తెలిస్తే, ఆ కబురు ఎవరు చెప్పారో చూస్తాను. రాసింది ఒకసారి పైకి చదువుతాను. కంటికి ఆనని తప్పు చెవికి తగులుతుంది. కింద నా పేరు పెట్టగలననుకుంటేనే పంపిస్తాను. మీరూ అలాగే చెయ్యండి. చావు కబురు పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. తప్పుగా వెళితే మాత్రం అన్యాయం జరిగేది పోయిన మనిషికే.