మెడ ఊగే బండి మీద పాలమూరుకు

మా నాయిన 1992లో కొన్న ఆర్‌ఎక్స్ 100 ఇంకా మా ఇంట్లోనే ఉంది. దానికి నాకంటే వయసెక్కువ. నల్లగొండలో మా వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. మొన్న దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి నాయిన ఒక మాట తేల్చేశాడు.

"సోమవారం ఒకాయన వస్తనన్నడు. ఇచ్చేద్దాం బిడ్డా. నా లెక్కనే దానికీ కీళ్లు పోయినయ్."

ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది 1996లో. కొనేవాళ్లకు కొదవ లేదు. కానీ ఆ బండి ట్యాంకు మీద కూచుని నేను బడికి పోయాను. "సరే, ఇచ్చే ముందు ఒక్కసారి మహబూబ్‌నగర్ పోయి అత్తను చూసొద్దాం, దీని మీదనే" అన్నాను. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. సమస్య కనిపిస్తే ముందు ప్యాచ్ వేయడం మా జాతి లక్షణం. బండి ముందు భాగం ఊగుతోందని తెలిసి, ఫోర్క్ పైపులు రెండింటినీ కలిపి పట్టుకునే ఇనుప బ్రేస్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి బిగించాను. ఒక్కణ్ణే ఊళ్లో తిరిగితే బాగానే అనిపించింది.

తెల్లారి ఆరింటికి బయల్దేరాం. లతీఫ్ సాబ్ గుట్ట వెనక పడింది. రోడ్డుకు రెండు పక్కలా బత్తాయి తోటలు, పత్తి చేలు, మధ్యలో ఏనుగులు పడుకున్నట్టు నల్లటి రాతిగుట్టలు. స్పీడోమీటర్ ముల్లు అరవై దగ్గరికి రాగానే హ్యాండిల్ ఎడమకీ కుడికీ కొట్టుకోవడం మొదలైంది. ఎదురుగా పత్తి లోడు ట్రాక్టరు. బ్రేకు కొడదామంటే ముందు చక్రం ఎటు పోతుందో తెలీదు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, హ్యాండిల్‌ను మరీ బిగబట్టకుండా పట్టుకున్నాను. నలభైకి దిగాక ఊగడం ఆగింది. నాయిన ఏమీ అనలేదు. నా భుజం మీద పడ్డ చెయ్యి మాత్రం తీయలేదు.

వెనక మనిషి కూచుంటే బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలికవుతుంది. ఒక్కణ్ణే తిరిగినప్పుడు దాక్కున్న జబ్బు అప్పుడు బయటపడుతుంది. ఈ సంగతి ఇంజినీరింగ్‌లో చదివిన గుర్తే, కానీ పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చినట్టున్నాను.

కొండమల్లేపల్లిలో ఒక చిన్న షెడ్డు దగ్గర ఆపాం. మెకానిక్ నా బ్రేస్ చూసి నవ్వాడు. "మెడ ఊగుతుంటే దండ ఎందుకేసినవ్ అన్నా?"

ఇంజిన్ కింద చెక్క దిమ్మె పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. ఫోర్కు కిందిభాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే లోపల టక్‌మని చప్పుడు. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా నడిమధ్యలో చిన్నగా పట్టేస్తోంది. హ్యాండిల్ కింద మెడలో, పైనా కిందా గుండ్లు తిరిగే గిన్నెలుంటాయి. ఏళ్లతరబడి గుంతల దెబ్బలు తిని ఆ గిన్నెల్లో గుండ్ల అచ్చులు పడ్డాయి. రేసర్ సెట్ మొత్తం మార్చాలన్నాడు. ఆ సామాను పక్క దుకాణంలోనే దొరికింది. ఈ ప్రాంతంలో ఆర్‌ఎక్స్‌లు ఎన్ని బతికున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

కొత్త రేసర్లకు గ్రీజు పట్టించి బిగించేటప్పుడు మాత్రం అతను తొందరపడలేదు. బిగించడం, తిప్పి చూడడం, కాస్త వదలడం. వదులైతే ఊగుతుంది, మరీ బిగిస్తే నెమ్మదిగా పోయేటప్పుడు బండి పాములా వంకర్లు పోతుంది. తర్వాత రెండు పైపుల్లోంచి ఆయిల్ వంచితే బొగ్గునీళ్లలా వచ్చింది. రెండింట్లోనూ సరిసమానంగా కొత్తది పోశాడు. చక్రం ఇరుసు నట్టు వదులుగా పెట్టి, హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు కిందికి నొక్కి, పైపులు వాటి చోట అవి కుదురుకున్నాక నట్టు బిగించాడు. చివరికి వెనక చక్రాన్ని పక్కలకు లాగి చూసి, "స్వింగ్ ఆర్మ్ బుష్‌లు మంచిగనే ఉన్నయ్. అవి పోయినా జనం ముందుదాన్నే తిడతరు" అన్నాడు. బ్రేస్‌ను కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నాయిన స్టూలు మీద కూచుని, తీసిన ప్రతి నట్టునూ ఒక రేకు మూతలో వరసగా పేర్చాడు.

దేవరకొండ దాటాక గుట్టల మీద కోట గోడ కాసేపు మాతోపాటే వచ్చింది. డిండి దగ్గర ఆగి నీళ్లు చూశాం. కల్వకుర్తి రోడ్డు మీద అరవై, అరవై అయిదు. హ్యాండిల్ కదల్లేదు. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు భాగం ఒకసారి దిగి ఒకసారి లేస్తోంది, అంతే. జడ్చర్లలో అత్తకు సీతాఫలాలు కొన్నాం. నాయిన బేరం చేస్తూ పాత పాటేదో కూనిరాగం తీస్తున్నాడు.

మరునాడు పిల్లలమర్రికి పోయాం. ఏడువందల ఏళ్ల మర్రి అంటారు, మూడెకరాల మేర పరుచుకుంది. 2018లో చెదలు పట్టి చెట్టు కూలిపోయేలా ఉంటే, కొమ్మలకు సెలైన్ సీసాల్లాంటివి కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. కొమ్మలకు కింద ఊతాలు పెట్టారు. నాయిన ఆ ఊతాలనే చాలాసేపు చూశాడు. తర్వాత తన మోకాలు నొక్కుకుంటూ బండి ఎక్కాడు.

సోమవారం పొద్దున కొనేవాడి ఫోన్ వచ్చింది. "బండి ఊళ్లో లేదు" అన్నాడు నాయిన. అప్పటికి బండి వేపచెట్టు కిందే ఉంది. ఆయన చేతిలో తడిగుడ్డ ఉంది.