ఒక టీవీ కనెక్షన్, ఒక మష్వరా

గత వర్షాకాలంలో మా భీమడోలులో మూడు రోజులపాటు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. మా వీధి చివరనున్న వేపచెట్టు కొమ్మ విరిగి కేబుల్ తీగపై పడింది. కరెంటు మరునాడే వచ్చింది గాని, టీవీ రాలేదు. మూడవ రోజు సాయంత్రం కువైట్ నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. “అబ్బా, ఆ కేబుల్ తీయించేయండి. డిష్ పెట్టించుకుందాం. నెలనెలా రీచార్జి నేను ఇక్కడి నుంచే చేస్తాను” అన్నాడు.

నేను వెంటనే సరేనన్నాను. ఇందులో ఆలోచించవలసిన విషయమేముందని నా అభిప్రాయం. కాని మా ఇంటావిడ అంగీకరించలేదు. “మదర్సా గేటుకు రంగు వేయాలన్నా కమిటీ కూర్చుంటుంది. ఇంట్లోకి రోజంతా మాట్లాడే వస్తువును తెచ్చుకునేటప్పుడు ఇంటివాళ్లను అడగరా?” అన్నది. ఆ మాట నన్ను సిగ్గుపడేలా చేసింది. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగాలని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తుంది. ఆ పేరుతోనే ‘అష్-షూరా’ అనే సూరా ఉన్నదని ఎందరో పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత అందరమూ చాప మీద కూర్చున్నాం. అమ్మీ తన మంచం మీది నుంచే మష్వరాలో పాల్గొన్నది.

మొదట మా మనవడు ప్రశ్న వేశాడు. “దాదా, డిష్‌ను కూడా ఖిబ్లా వైపే తిప్పి పెడతారా?” అందరూ నవ్వారు. మంచి ప్రశ్నేనని చెప్పి వాడికి వివరించాను. ఈ ప్రసారాలు చేసే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితో సమానంగా తిరుగుతుంటాయి గనుక మనకు ఒకేచోట నిలిచి ఉన్నట్లుంటాయి. అవి మన ఊరికి దక్షిణాకాశంలో ఉన్నాయి కాబట్టి డిష్‌ను అటు తిప్పి బిగిస్తారు. మన ఖిబ్లా మాత్రం పడమర, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది.

“అయితే వానకు డిష్ ఆగిపోదా?” అన్నది మా కోడలు. పుట్టింట్లో ఆమెకు ఆ అనుభవం ఉన్నది. నిజమే. ఇళ్లపై పెట్టే చిన్న డిష్ అందుకునే అలలు చాలా పొట్టివి, రెండున్నర సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. జోరువాన చినుకులు వాటిని పీల్చుకుని చెదరగొడతాయి. అందుకే ముసురు ముదిరినప్పుడు బొమ్మ ముక్కలై ఆగిపోతుంది, వాన తెరిపివ్వగానే దానంతటదే వస్తుంది. గాలికి డిష్ కాస్త పక్కకు తిరిగినా మళ్లీ మనిషి వచ్చి సరిచేయాలి. కేబుల్ ఆపరేటరు కంట్రోల్ రూములో ఉండే పెద్ద డిష్‌లు ఎక్కువగా పొడవైన అలలను అందుకుంటాయి గనుక వాటికి వాన బాధ తక్కువ. కాని అక్కడి నుంచి మన ఇంటి దాకా స్తంభాల మీదుగా వచ్చే తీగకు చెట్టుకొమ్మలు, లారీలు, కరెంటు కోతలు అన్నీ శత్రువులే. మన ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా దారిలోని ఆంప్లిఫయరుకు కరెంటు లేకపోతే టీవీ రాదు. వాన విషయంలో రెండూ పరీక్ష తప్పినవే. కేబుల్ మూడు రోజులు ఆగితే, డిష్ మూడు రోజుల్లో ముప్పైసార్లు ఆగుతుంది.

ఇక డబ్బు సంగతి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు కేబుల్‌కైనా, డిష్‌కైనా ఒకే పద్ధతి వచ్చింది. మొదటి 100 చానెళ్లకు నెలకు 130 రూపాయలకు మించకుండా, పన్ను అదనంగా, ఒక మూల రుసుము ఉండేది. ఆపైన డబ్బు చెల్లించవలసిన ప్రతి చానెల్‌కు దాని ధర విడిగా ప్రకటించాలి, మనం కోరినవాటికే చెల్లించాలి. తర్వాత ఆ అంకెలు మారాయి గాని, కోరుకునే హక్కు మనదేనన్న సూత్రం నిలిచింది. ఇవేవీ వద్దనుకునేవారికి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉన్నది. ఒకసారి డిష్, పెట్టె కొనుక్కుంటే నెలసరి ఖర్చు లేదు. కొల్లేటి వైపు లంక గ్రామాల్లో తీగ చేరని ఇళ్లకు అదే సరైన మార్గం. అందులో చదువుల చానెళ్లు కూడా వస్తాయని ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి గుర్తుచేసింది. కేంద్ర ప్రభుత్వం 2017లో 32 చానెళ్లతో ‘స్వయంప్రభ’ను ప్రారంభించింది దీని కోసమే.

ఇంతవరకు మష్వరా నేను అనుకున్న దారిలోనే నడిచింది. ఇక అసలు విషయానికి వద్దామని నేను సీరియళ్ల ప్రస్తావన తెచ్చాను. అత్తాకోడళ్ల కుట్రలు, అసభ్యమైన నృత్యాలు, చూపులను అదుపులో ఉంచుకోవలసిన ఆవశ్యకత గురించి మాట్లాడసాగాను. మా ఇంటావిడ చివరిదాకా విని నెమ్మదిగా అన్నది: “చూపుల గురించిన ఆ ఆజ్ఞ మొదట ఎవరికి వచ్చింది?”

నాకు నోట మాట రాలేదు. సూరా అన్-నూర్‌లో చూపులు దించుకోమన్న ఆదేశం మొదట విశ్వాసులైన పురుషులకు వచ్చింది. స్త్రీలకు దాని తర్వాతి వాక్యంలో వచ్చింది. ఈ క్రమాన్ని విద్యార్థులకు ప్రత్యేకంగా ఎత్తిచూపేవాణ్ణి నేనే. ఆమె మళ్లీ అన్నది: “సీరియల్ అరగంటలో అయిపోతుంది. మీరు రాత్రి తొమ్మిదింటికి పెట్టుకునే వార్తల చర్చ గంటన్నర సాగుతుంది. ఒకరినొకరు తిట్టుకుంటారు, లేనివారి పరువు తీస్తారు. అది గీబత్ కాదా? ఆ సమయంలో పిల్లలు మీతో ఒక్క మాటైనా మాట్లాడగలరా?” కోడలు తల వంచుకున్నది. మా అమ్మాయి చాప అంచును సవరిస్తూ కూర్చున్నది. వారి మౌనమే సాక్ష్యమయింది.

అమ్మీ అప్పుడు నోరు విప్పింది. కంటిచూపు మందగించిన ఆమె టీవీని చూడదు, వింటుంది. “నాకు ఏదైనా ఒకటే బేటా. మగ్రిబ్ నుంచి ఇషా దాకా మాత్రం దాన్ని ఆపి ఉంచండి. మీ నాన్న ఉన్న రోజుల్లో ఆ వేళకు ఇంట్లో తిలావత్ వినపడేది” అన్నది. ఏ పెట్టె కొనాలన్నది ఇంకా తేలలేదు గాని, ఎప్పుడు ఆపాలన్నది ఆ మాటతో తేలిపోయింది.

మరునాడు కేబుల్ ఆపేయమని చెప్పడానికి ఆపరేటరు దుకాణానికి వెళ్లాను. అతను చిన్నప్పుడు నా దగ్గర మక్తబ్‌లో చదువుకున్నవాడే. అప్పటికి తీగ అతికించి వచ్చి, తడిసిన బట్టలతోనే కూర్చుని ఉన్నాడు. ఇంటింటి ఖాతా పుస్తకం బల్లపై తెరిచి ఉన్నది. ప్రతి పేరు ఎదుట పెట్టె నంబరు, ఏ నెలకు చెల్లించిందీ రాసి ఉన్నది. నా పేరు ఎదుట ప్రతి నెలలోనూ ఒకే మాట: “సొంతం”.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అతను మా ఇంటికి కనెక్షన్ ఇచ్చిన నాటి నుంచి ఎన్నడూ డబ్బు అడగలేదు. “హజ్రత్ ఇంట్లో డబ్బులా?” అని నవ్వేసేవాడు. నేను కూడా నవ్వి ఊరుకునేవాణ్ణి. పాత రోజుల్లో అది పెద్ద విషయం కాదు. ఒక తీగ నుంచి మరొక తీగ లాగితే అన్ని చానెళ్లూ వచ్చేవి, అదనపు ఇంటివల్ల అతనికి పెద్దగా ఖర్చయ్యేది కాదు. కాని గ్రామాల్లోనూ 2017 మార్చి 31కల్లా కేబుల్ ప్రసారాలు డిజిటల్‌కు మారాలని ప్రభుత్వం గడువు పెట్టింది. అప్పటి నుంచి ప్రతి ఇంటికీ ఒక పెట్టె, ప్రతి పెట్టెకూ ఒక నంబరు. పై కంపెనీ ఆ నంబర్లను లెక్కించి తన వాటా వసూలు చేస్తుంది. ఆపరేటరుకు డబ్బు ముట్టినా ముట్టకపోయినా ఆ వాటా అతను కట్టవలసిందే. అంటే మా ఇంట్లో నడిచిన ప్రతి నెలకూ అతను తన జేబు నుంచి చెల్లిస్తూ వచ్చాడు. మనసులోనే లెక్క వేసుకున్నాను. అది నా రెండు నెలల జీతానికి దగ్గరగా వచ్చింది.

జనాజా నమాజుకు ముందు, మృతునికి అప్పులేమైనా ఉన్నాయా అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) విచారించేవారని పిల్లలకు చెబుతుంటాను. ఆ క్షణంలో ఆ పాఠం నాకే గుర్తుకు వచ్చింది. ఇంట్లోకి ఏయే చానెళ్లు వస్తున్నాయో నిఘా పెట్టాను గాని, అవి ఎవరి ఖర్చుతో వస్తున్నాయో ఒక్కనాడైనా అడగలేదు.

“ఎంత బాకీ ఉన్నానో చెప్పు, వాయిదాల మీద ఇస్తాను” అన్నాను. అతను కంగారుపడి లేచి నిలబడ్డాడు. “నాకు అలిఫ్, బే నేర్పినందుకు మీరు రుసుము తీసుకున్నారా హజ్రత్?” అన్నాడు. కానుకలు స్వీకరించడం, బదులుగా కానుకలివ్వడం సున్నతేనని నాకు తెలుసు. కాని నేను దాన్ని కానుకగా కూడా గుర్తించలేదు. నా హక్కు అన్నట్లు అనుభవించాను. ఆ మాటే అతనితో చెప్పాను. చాలాసేపటికి అతను, “పాతది మనస్ఫూర్తిగా మాఫ్ చేశాను. ఇకపై మీ ఇష్టప్రకారం తీసుకుంటాను” అన్నాడు. క్షమించేవాని చేతిని తోసివేయడం కూడా ఒక రకమైన అహంకారమేనని తోచి అంగీకరించాను. ఆ నెల డబ్బు అక్కడే చేతిలో పెట్టాను. అతను నా పేరు ఎదుట “సొంతం” కొట్టేసి అంకె వేశాడు.

అలా మా ఇంట్లో కేబులే నిలిచింది. డిష్ చెడ్డదని కాదు. మాకు తీగ అందుబాటులో ఉన్నది, అది తెగితే తడిసి వచ్చి అతికించే మనిషి ఉన్నాడు, ఆ మనిషి పొరుగువాడు. మా అబ్బాయికి ఫోనులో అంతా చెప్పాను. “అయితే ఆ నెలసరి డబ్బే నేను పంపుతాను” అన్నాడు. ఇంటికి దూరంగా ఉన్న బిడ్డకు ఇంటి ఖర్చులో ఒక వంతు కావాలన్న సంగతి నాకు అప్పుడు అర్థమయింది.

చానెళ్ల జాబితా అందరం కలిసి రాశాం. పిల్లలకు రెండు, చదువుకు సంబంధించినవి, వార్తలకు ఒకటి, ఆడవారు కోరినవి కొన్ని. వద్దనుకున్నవాటికి డబ్బు కట్టడం మానేశాం. అవి రాకుండా పోయాయి. ఉచితంగా వచ్చేవాటిలో కొన్నిటికి పెట్టెలోని రహస్య సంఖ్యతో తాళం వేశాం. ఆ సంఖ్య నా దగ్గర లేదు, మా ఇంటావిడ దగ్గర ఉన్నది. తొమ్మిదింటి చర్చను కూడా తాళం వేసిన చానెళ్లలో నేనే చేర్చమన్నాను. మొదటి వారం చెయ్యి రిమోటు వైపు పోయేది. ఇప్పుడు ఆ వేళకు మనవడు ఖాయిదా పట్టుకుని నా పక్కకు వస్తున్నాడు.

ఇమాములకు, ఉపాధ్యాయులకు సమాజం ఎంతో గౌరవమిస్తుంది. ఆటో డ్రైవరు కిరాయి వద్దంటాడు, క్షౌరశాలలో డబ్బు తీసుకోరు. ఆ గౌరవం ఖరీదు ఏ పేదవాని జేబులోంచి పోతున్నదో అప్పుడప్పుడు అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మనదే. మన చెవులు, కళ్లు, హృదయాలు అన్నీ రేపు ప్రశ్నించబడతాయి. ఆ ప్రశ్నలకు ఇక్కడే, మన ఇంటివాళ్ల ఎదుటే జవాబు చెప్పుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.