లిస్బన్‌లో వంట ఎవరిది?

ఊరు ప్రయాణం అనగానే తెలుగిళ్లలో మొదట పుట్టే ప్రశ్న ఒకటే... అక్కడ తిండి మాటేమిటి? తిరుపతికైనా, కాశీకైనా అంతే. పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి సీసా సర్దుకున్నాకే పెట్టెలోకి బట్టలు చేరతాయి. ఇంతకీ ఆ మూటలు కట్టే చేతులెవరివి అని మాత్రం ఎవరూ అడగరు. ఈ కాకినాడ కుటుంబంలోనూ ముప్పై తొమ్మిదేళ్లుగా ఎవరూ అడగలేదు. లిస్బన్ ప్రయాణం పుణ్యమా అని ఆ సంగతి బయటపడింది.

ఆయన రిటైరైన చరిత్ర లెక్చరర్. వాస్కో డ గామా 1498 మే నెలలో కాలికట్ దగ్గర దిగాడని కొన్ని వేలమంది విద్యార్థులకు చెప్పి ఉంటారు. గామా దిగిన కేరళ తీరం చూశారు. 1524లో కొచ్చిలో చనిపోతే మొదట పాతిపెట్టిన చర్చీ చూశారు. 1497 జులైలో ఓడలు బయల్దేరిన రేవు చూడాలన్నది మిగిలిపోయిన కోరిక. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆవిడకూ ఏదైనా కోరిక ఉంటుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కొడుకూ కోడలూ కలిసి ఏర్పాట్లు మొదలుపెట్టారు. పదకొండేళ్ల మనవరాలికి వేసవి సెలవులు కాబట్టి మే నెల ఖాయమైంది. మొత్తం తొమ్మిది రాత్రులు.

మామూలు హోటల్ కుదరదని మొదటిరోజే తేలిపోయింది. పెద్దాయనకు షుగర్. ఇన్సులిన్ తీసుకుంటారు. వేళకు తిండి పడాలి. పోర్చుగల్‌లో చాలా రెస్టారెంట్లు రాత్రి ఏడు, ఏడున్నరకు గానీ భోజనం పెట్టవు. పైగా అక్కడి గడియారం వేసవిలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మందుల వేళ ఎలా మార్చుకోవాలో డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకున్నారు. అవన్నీ అలా ఉంచితే, రెండోరోజు గడిచేసరికి ఆయన మనసు చారు మీదకు పోతుంది. అది ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే కొడుకు అపార్ట్‌హోటల్ వెతికాడు.

అదేమిటంటారా? పేరులోనే ఉంది. సగం అపార్ట్‌మెంటు, సగం హోటలు. కింద రిసెప్షన్ ఉంటుంది. గది ఊడ్చి, దుప్పట్లు మార్చే మనిషి ఉంటారు. లోపల మాత్రం చిన్న ఇల్లు... ఒకటో రెండో పడకగదులు, ఒక మూల పొయ్యి, ఫ్రిజ్, నాలుగు గిన్నెలు, నాలుగు కంచాలు. ఐదుగురికి రెండు హోటల్ గదులు తీసుకునే బదులు ఇదైతే అందరూ ఒకే గడప లోపల ఉంటారు. లిస్బన్‌లాంటి పాత ఊళ్లలో ఇరవై, ముప్పై వాటాలతో నడిచే చిన్నచిన్నవి కనిపిస్తాయి.

ఏ పేటలో దిగాలన్నదాని మీద రెండు వారాలు చర్చ నడిచింది. కోడలికి అల్ఫామా మీద మనసు. సన్నటి మెట్ల సందులు, పెంకుటిళ్లు, బట్టలారేసిన కిటికీలు, కింద తేజో నది... ఫొటోలో చూస్తే ఎవరికైనా అక్కడే ఉండాలనిపిస్తుంది. కానీ లిస్బన్ కొండల ఊరు. అల్ఫామాలో పాలప్యాకెట్ తేవాలన్నా మెట్లే. అత్తగారి మోకాళ్లు కాకినాడలో ఇంటి మేడమెట్లకే మొరాయిస్తున్నాయి. అక్కడి కాలిబాటలన్నీ చిన్నచిన్న సున్నపురాతి ముక్కలతో పరిచినవి. చూడ్డానికి ముగ్గు వేసినట్టుంటాయి గానీ, నాలుగు చినుకులు పడితే కాలు జారుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పర్యాటకులకు అద్దెకివ్వడం కోసం పాత పేటల్లో ఇళ్లు వరసగా మారిపోతుంటే, అక్కడే పుట్టిపెరిగినవాళ్లకు అద్దెలు అందకుండా పోయాయి. దాంతో 2018లో అల్ఫామాలాంటి పేటల్లో ఆ రకం ఇళ్లకు కొత్త లైసెన్సులు ఆపేశారు. కొడుకు ఇది చదివి వినిపిస్తే ఆవిడ ఒక్కటే మాటన్నారు. ‘‘ఒకావిడ వంటింట్లోంచి ఆవిణ్ని పంపించేసి, అందులో నేనెళ్లి వండుకోవడం ఏం బాగుంటుందిరా?’’ హోటల్‌గా లైసెన్సు ఉన్న భవనమే చూడాలని అప్పుడే నిర్ణయమైపోయింది.

చివరికి ఖాయమైంది బాయ్‌షా. నది ఒడ్డునుంచి రొసియో కూడలిదాకా చదునుగా, గళ్లనోటు పుస్తకంలా వీధులు గీసిన పేట. అలా చదునుగా, తిన్నగా ఉండటం వెనక పెద్ద విషాదమే ఉంది. 1755 నవంబరు 1, పండగరోజు. జనం చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. ఆ తర్వాత సముద్రం పొంగింది. చర్చిల్లో వెలిగించిన కొవ్వొత్తులు, ఇళ్లలో పొయ్యిలు ఒరిగిపోయి రేగిన మంటలు రోజుల తరబడి ఊరిని కాల్చాయి. ఆ బూడిద మీద మార్క్విస్ ఆఫ్ పొంబాల్ అనే మంత్రి కొత్త పేట కట్టించాడు. గోడల లోపల కర్రలతో అల్లిన పంజరం లాంటి చట్రం పెట్టించాడు. నేల ఊగితే ఇల్లూ ఊగాలే తప్ప కూలకూడదని. ‘‘రెండున్నర శతాబ్దాల కిందటే భూకంపానికి తట్టుకునే ఇల్లు!’’ అని పెద్దాయన మురిసిపోయారు. ‘‘ఆ రోజుల్లో లిఫ్టు కూడా పెట్టారేమో కనుక్కోండి’’ అన్నారు ఆవిడ.

నిజంగానే కనుక్కోవాల్సిన విషయం అది. పాత భవనాల్లో లిఫ్టు తర్వాత ఎప్పుడో ఇరికించినదై ఉంటుంది. కొన్నిచోట్ల వీధిలోంచి అరడజను మెట్లు ఎక్కితేగానీ లిఫ్టు తలుపు రాదు. అందుకే కోడలు ‘లిఫ్టు ఉందా’ అని కాకుండా, ‘వీధి గుమ్మంనుంచి గది మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి’ అని రాసింది. పెద్దవాళ్లతో వెళ్లేవారెవరైనా అడగాల్సిన పద్ధతి ఇదే. పొయ్యి గురించీ అంతే. ఇండక్షన్ పొయ్యి అయితే ఇంట్లోని అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. అయస్కాంతం అతుక్కునే అడుగున్న స్టీలు గిన్నె కావాలి. కరెంటు మనలాగే 230 వోల్టులు కాబట్టి రైస్‌కుక్కర్ పనిచేస్తుంది, ప్లగ్గుకు మాత్రం అడాప్టర్ ఉండాలి. వంటమూలకూ పడగ్గదికీ మధ్య గోడ లేని వాటాల్లో ఎండుమిర్చి పోపు వేస్తే పొగకు అలారం మోగే ప్రమాదముంది.

సామాన్ల జాబితా ఇంకో పురాణం. ఐరోపాలోకి పాలతో, మాంసంతో చేసినవేవీ మామూలు ప్రయాణికులు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా ఇంటిదగ్గరే ఆగిపోవాలి. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు లాంటివాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. పొడులకు, ఆవకాయకు ఆ బెడద లేదు. బియ్యం, పప్పు మోసుకెళ్లనక్కర్లేదు. బాయ్‌షాకు పది నిమిషాల నడక దూరంలో మార్తిం మొనీష్ పేట ఉంది. బంగ్లాదేశ్, భారత్ వంటి దేశాలవాళ్లు అక్కడ దుకాణాలు నడుపుతుంటారు. కందిపప్పు, మినప్పప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. నెయ్యి కావాలంటే ఉప్పు లేని వెన్న కొని కాచుకోవచ్చు.

అంతా బాగానే ఉంది. ఒక ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో కొడుకు ఆ అపార్ట్‌హోటల్ వివరాలు చూపిస్తున్నాడు. పోర్చుగీసులో ఉన్న పేజీ అది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని ఒక్కో మాటా కూడబలుక్కున్నారు. ‘‘కొజీన్యా... అంటే కుసినే కదూ?’’ కుసిని అంటే వంటగదికి మనవాళ్లు ఒకప్పుడు వాడిన మాట. పోర్చుగీసు నుంచి వచ్చిందే. ఇక వరసగా దొరికాయి. తొవాల్యా అంటే మన తువ్వాలు. అర్మారియో అంటే అల్మారా. బాల్డ్ అంటే బాల్చీ. బాల్కనీకి వాళ్ల మాట వరండా! మనవరాలు చప్పట్లు కొట్టింది. ‘‘బొత్తాం, మేస్త్రి, అనాసపండు కూడా వాళ్ల మాటలేనే’’ అన్నారు నానమ్మ. పెద్దాయన అందుకుని, మిరపకాయ కూడా వాళ్ల ఓడల్లోనే మన దేశం వచ్చిందని చెప్పారు.

‘‘చూశావా అమ్మా, కుసిని ఎంత బాగుందో! నాలుగు పొయ్యిలున్నాయి. నీకేం ఇబ్బంది ఉండదు’’ అన్నాడు కొడుకు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు... ‘‘ఐదొందల ఏళ్ల కిందట వాళ్ల వంటగది పేరు ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఇప్పుడు మన వంటగదిని విమానమెక్కించి అక్కడికి తీసుకెళ్తున్నాం. వాళ్ల పేరు ఒక్కటే వచ్చింది. మన వంటగది వెళ్లాలంటే మాత్రం వెనకాల నేనూ వెళ్లాలి. అక్కడా పొయ్యి ముందే నిలబడేటట్టయితే అంతదూరం ఎందుకురా? పొయ్యి ఇక్కడా ఉంది.’’

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారంతే. కొడుకుకి ఏమనాలో తోచలేదు. పెద్దాయన ‘‘పోనీలే, తొమ్మిదిరోజులు బయట ఏదో ఒకటి తింటాను’’ అన్నారు. ‘‘షుగర్ పెట్టుకుని ఆ మాట అనకండి. వంటిల్లు కావాల్సిందే. వండేది ఎవరో చెప్పండి’’ అన్నారావిడ.

కోడలు మర్నాడే కాగితం తీసింది. పొద్దున్న రొట్టె, గుడ్లు, పెరుగు... ఎవరిది వాళ్లే. మధ్యాహ్నం తిరిగేచోట బయట భోజనం. మిగిలింది తొమ్మిది రాత్రులు. అందులో రెండు రాత్రులు మార్తిం మొనీష్ వైపు ఏదైనా హోటల్లో, వేళకు ముందే ఫోన్ చేసి చెప్పి. నాలుగు కొడుకూ కోడలివి. మిగతా మూడూ మామయ్యగారివి. అత్తయ్యగారి పేరు ఎదురుగా సున్నా. గిన్నెలు తోమడం గదులు ఊడ్చేవాళ్ల పనికిందకు రాదని తెలిసింది. అది కొడుకు వంతు.

కాగితం మీద రాయడం తేలికే. పెద్దాయన ప్రయాణానికి రెండు నెలల ముందునుంచీ సాధన మొదలుపెట్టారు. మొదటిరోజు అన్నం జావ అయింది. రెండోరోజు పోపు మాడింది. ‘‘ఆవాలెక్కడున్నాయోయ్?’’ అని వంటింట్లోంచి కేక. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆవాలు అదే డబ్బాలో ఉన్నాయి. ‘‘వెతుక్కోండి’’ అని ముందుగదిలోంచి జవాబు. నిజానికి కష్టమంతా ఆవిడకే. మాడువాసన రాగానే కాళ్లు వాటంతటవే వంటింటివైపు లేస్తాయి. ఒకటి రెండుసార్లు వెళ్లి స్టవ్ తగ్గించి వచ్చారు కూడా. కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని ఆవిడకు అప్పుడే తెలిసింది. మూడో వారానికి చారు కుదిరింది. పులుపు కాస్త ఎక్కువైందని చెబుదామనుకుని, చెప్పకుండా రెండోసారి పోయించుకున్నారు.

మిగిలిన ఏర్పాట్లు చకచకా అయిపోయాయి. షెంజెన్ వీసాకు గది బుకింగ్ కాగితం, 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా తప్పనిసరి. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి ఫీజు 90 యూరోలు. లిస్బన్‌లో బస చేసినందుకు మనిషికి రాత్రికి 4 యూరోల పన్ను ఉంది. ఏడు రాత్రులవరకే లెక్క, పదమూడేళ్లలోపు పిల్లలకు లేదు. అంటే నలుగురికి 112 యూరోలు. సోమవారం జెరోనిమోస్ మఠం మూసేస్తారు కాబట్టి గామా సమాధి చూడటానికి మంగళవారం పెట్టుకున్నారు. నది ఒడ్డున నడిచే 15 నంబరు ట్రామ్ ఎక్కితే అక్కడికి దగ్గరగా దించుతుంది. 2025 సెప్టెంబరు 3న గ్లోరియా కొండబండి పట్టాలు తప్పి 16 మంది చనిపోయాక, అలాంటి బళ్ల మీద ఆధారపడకుండానే తిరగాలని కోడలు ముందే అనుకుంది. కోట ఉన్న కొండ సగందాకా ఎక్కడానికి బాయ్‌షాలోనే ఫంకైరుష్ వీధిలో డబ్బు తీసుకోని లిఫ్టు ఉందని మనవరాలు కనిపెట్టింది.

అపార్ట్‌హోటల్ నుంచి జవాబు వచ్చింది. వీధినుంచి లిఫ్టుదాకా ఆరు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. పొయ్యి ఇండక్షన్. అలారం ఆపడానికి వీల్లేదు, కిటికీ తీసి వండుకోండి అన్నారు. చివర్లో ఆవిడ అడిగించిన ప్రశ్న ఒకటుంది... వరండాలో కుర్చీ వేసుకునే చోటుందా అని. రెండు కుర్చీలున్నాయట. వీధీ, పక్కకు తొంగిచూస్తే నది తునకా కనిపిస్తాయట.

మందపు అడుగున్న స్టీలు గిన్నె, చారుపొడి, కందిపొడి, ఆవకాయ సీసా ఇప్పుడు పెద్దాయన పెట్టెలో ఉన్నాయి. ఆవిడ పెట్టెలో బట్టలు, మోకాలి పట్టీ, ఎప్పటినుంచో చదవాలని దాచుకున్న రెండు నవలలు. పెట్టెలో ఇంకా బోలెడంత చోటు మిగిలింది. ఏం పెట్టాలో ఆవిడకు తోచడం లేదు.