ఉమ్మడి బీరువా

మీ ఇంట్లో బియ్యాన్నీ ఇంటి పత్రాలనూ ఒకే చోట పెడతారా? పెట్టరు కదా. బియ్యం రోజూ తీయాలి కాబట్టి చేతికి అందే చోట ఉంచుతారు. పత్రాలు ఎప్పుడో ఒకసారి తీస్తారు. కానీ అవి పోతే మళ్లీ దొరకవు. ఫైల్ సర్వరు కూడా అలాంటిదే. అది పదిమంది వాడుకునే ఉమ్మడి బీరువా. దానికి సామాను ఎంచుకోవడంలో నేను చేసిన పొరపాటు ఒకటి మీకు చెబుతాను.

మాది ఖరగ్‌పూర్‌లోని సుభాష్‌పల్లి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు వాళ్లు పని కోసం వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను పాఠాలు రాసే ఉద్యోగంలో చేరి ఊరు విడిచినా, సెలవులకు వెళ్లినప్పుడల్లా అక్కడి పిల్లలకు సాయంత్రం చదువు చెప్పేవాణ్ణి. ఒక గదిలో ఎనిమిది కంప్యూటర్లు ఉండేవి. పాఠాలు, పాత ఫొటోలు, రిటైరైన రైల్వే పెద్దల మాటల రికార్డింగులు అందరికీ అందేలా ఒక సర్వరు పెట్టాలనుకున్నాం. ఆ మాటల్లో మా నాన్నవి కూడా ఉన్నాయి. అప్పటికే ఆయన లేరు.

ముందు డిస్కుల సంగతి చూద్దాం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్‌డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు జరగడానికి మరో 8 కలపండి. మొత్తం 12. అంటే సెకనుకు దాదాపు 80 చోట్లకు మించి అది వెళ్లలేదు. ఒక్కరే ఒక పెద్ద ఫైలు చదివితే ఇబ్బంది లేదు. ఎనిమిది మంది ఎనిమిది ఫైళ్లు అడిగితే ముల్లు అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలే ఉండవు కనుక ఈ బాధ లేదు. అందుకే రోజూ వాడే పాఠాలకు చిన్న ఎస్.ఎస్.డి.ని, నిల్వకు రెండు పెద్ద హార్డ్‌డిస్కులను తీసుకున్నాం. కొన్ని హార్డ్‌డిస్కులు వరుసలను ఒకదాని అంచు మీద మరొకటి పడేలా రాస్తాయి. ఎక్కువగా రాసే పనిలో అవి బాగా మందగిస్తాయి. కొనే ముందు ఈ విషయం అడిగి తెలుసుకోండి.

ఇక నెట్‌వర్కు. మా దగ్గరున్న పాత స్విచ్ వేగం 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, అది సెకనుకు 12.5 మెగాబైట్లు. వెయ్యి మెగాబైట్ల ఫైలుకు కనీసం 80 సెకన్లు పడుతుంది. డిస్కు ఎంత మంచిదైనా దారి ఇరుకైతే ఏం లాభం? గిగాబిట్ స్విచ్ పెడితే అదే పని 8 సెకన్లు. అయితే కేబులులోని నాలుగు జతల తీగలూ బాగుండాలి. స్విచ్ నుంచి కంప్యూటరుకు దూరం 100 మీటర్లు దాటకూడదు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరున్న మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం 1,072 మీటర్లకు పైనే. ఒక్క కేబులు అందులో పదో వంతు కూడా పోదన్నమాట.

ఆగి ఆలోచించండి: ఎనిమిది మందీ ఒకేసారి తీస్తే, గిగాబిట్ దారిలో ఒక్కొక్కరికి ఎంత వేగం దక్కుతుంది?

రెండు హార్డ్‌డిస్కుల్లోనూ ఒకే సమాచారం పడేలా జత కట్టాం. ఒకటి పాడైనా రెండోది పని చేస్తుంది. రిటైరైన ఇంజను డ్రైవరు, నాన్న స్నేహితుడు, నేను మావయ్యా అని పిలిచే పెద్దాయన ఒకరు దాన్ని చూసి, "బాబూ, డబుల్ ఇంజను కట్టావు, బాగుంది. బండి పట్టాలు తప్పితే రెండూ పడతాయి కదా?" అన్నారు. ఏమీ కాదు మావయ్యా అన్నాను.

మూడు నెలల తర్వాత అనవసరమైన ఫైళ్లు తీసేస్తూ, నేనే పొరపాటున రికార్డింగుల ఫోల్డరు చెరిపేశాను. జత డిస్కు నమ్మకంగా తన పని తాను చేసింది. ఆ క్షణంలోనే రెండోచోట కూడా చెరిపేసింది. నేను గమనించేసరికి వాటి మీద కొత్త ఫైళ్లు పడ్డాయి. కొందరు పెద్దలు ఓపికగా మళ్లీ కూర్చుని చెప్పారు. నాన్న గొంతు మాత్రం తిరిగి రాలేదు.

జత డిస్కు యంత్రం చెడిపోతే కాపాడుతుంది. మనిషి తప్పు చేస్తే కాపాడదు. ఆ తర్వాత మూడో డిస్కు కొన్నాం. ప్రతి శనివారం ఫైళ్లను దానిలోకి నకలు చేసి, తీగ తీసేసి, మావయ్య ఇంట్లో పెడుతున్నాం.

ఇప్పుడు మీరు ఒక కాగితం తీసుకోండి. రోజూ తీసేవి, అప్పుడప్పుడు తీసేవి, పోతే మళ్లీ దొరకనివి అని మూడు వరుసలు రాయండి. దుకాణానికి వెళ్లినప్పుడు మూడో వరుసకు కావలసిన డిస్కును ముందు కొనండి. డబ్బు మిగిలితే వేగం సంగతి చూడవచ్చు.